1,450: కొట్టు కాటా మీద నా తిండి పద్దు

జనవరి 19

సంక్రాంతి అరిసెలు డబ్బా అడుక్కి వచ్చేశాయి. ఈ రోజు నుంచి ఒక పని పెట్టుకుంటున్నాను: రోజుకు నేను ఎన్ని క్యాలరీలు తినాలో తేల్చుకోవడం. ఎవరో చెప్పిన అంకె వద్దు. నా ఒంటికి, నా వయసుకి, నా వంటింటికి సరిపడేది కావాలి. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తాను. నా ఈడు ఆడవాళ్లు చదివితే తమ లెక్క తాము వేసుకోవడానికి పనికొస్తుంది.

ముందు నా వివరాలు. వయసు 53. ఎత్తు 154 సెంటీమీటర్లు. బరువు 74 కిలోలు. బొడ్డు దగ్గర నడుము 96 సెంటీమీటర్లు. ముట్లు ఆగి మూడేళ్లు. బీపీకి పొద్దున ఒక మాత్ర. ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు కిరాణా కొట్టు ఉంది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, మధ్యలో భోజనానికి రెండు గంటలు తప్ప, నేను గల్లా దగ్గరే. మా ఆయన సరుకు చూసుకుంటారు, నేను పద్దులు చూస్తాను.

మన దేశపు వాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత, 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే స్థూలకాయం అంటారు. నాది 31. ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

పోయిన నెల బరంపురంలో డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించారు. థైరాయిడ్ బాగానే ఉంది. మూడు నెలల సుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే సుగర్ గుమ్మంలో నిలబడినట్టే. మా అమ్మకి సుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. ఆ కట్టు నా చేతులతో మార్చాను. కాగితం మీద 6.1 చూడగానే నాకు అమ్మ పాదమే కళ్లముందుకొచ్చింది.

"ముందు నాలుగైదు కిలోలు తగ్గండమ్మా, మాత్రల సంగతి తరవాత చూద్దాం" అన్నారు డాక్టరమ్మ.

జనవరి 21

అమ్మాయి నా ఫోన్‌లో ఒక యాప్ వేసింది. వయసు, ఎత్తు, బరువు కొట్టాక, వారానికి ఎంత తగ్గాలని అడిగింది. పావు కిలో, అర కిలో, ముప్పావు, కిలో. తొందరగా అయిపోవాలని కిలో నొక్కాను. రోజుకు 1,200 అని చూపించింది. అంకె గుండ్రంగా ఉంది, ఇంతకుముందు చాలాచోట్ల విన్నదే. సరే అనుకున్నాను.

పొద్దున రెండు ఇడ్లీ. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, చారు, కూర. రాత్రి ఒక చపాతీ, మజ్జిగ.

జనవరి 30

పది రోజులకి 72.5. మా ఆయన కూడా గమనించారు. టెక్కలి నుంచి గుణుపురం రైల్లో మా వదిన వచ్చింది. గుమ్మంలోనే "ఏటే పిల్లా, మొహం చిక్కిపోయింది" అంది. ఆ మాట నాకు సంతోషంగానే అనిపించింది.

ఫిబ్రవరి 8

రాయక తప్పదు. మధ్యాహ్నం ఒకావిడ పది కిలోల బియ్యం అడిగింది. బస్తాలోంచి గిన్నెతో ముంచి కాటా మీద పోయడం ఇరవై ఏళ్లుగా నేను చేసే పనే. నాలుగో గిన్నె ఎత్తేసరికి మోచెయ్యి వణికింది, బియ్యం కాటా అంచు మీదుగా నేల మీద పడ్డాయి. వంగి ఎత్తబోతే కళ్లు చీకట్లు కమ్మాయి. పెసల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఆవిడే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

సాయంత్రం బీపీ చూపిస్తే 100/60. తిండి ఒక్కసారిగా తగ్గించేసి మాత్ర మాత్రం అలాగే వేసుకుంటున్నాను కదా. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. రోజుకి ఎంత తింటున్నారని అడిగి, 1,200 అనగానే ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత మాత్ర మోతాదు మార్చారు. "మీరు తగ్గించుకుంటున్నది కొవ్వొక్కటే కాదమ్మా, కండ కూడా. ఈ వయసులో పోయిన కండ మళ్లీ రావడం కష్టం" అన్నారు.

ఒక మాట ఇక్కడే రాసేస్తాను. బీపీకో సుగర్‌కో మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, తిండి తగ్గించే ముందే డాక్టరుకి చెప్పాలి. నేను చెప్పలేదు. అది నా తప్పు.

ఫిబ్రవరి 12

ఈ నాలుగు రోజులూ కనపడిందల్లా తిన్నాను. దాదాపు మూడు వారాలు నోరు కట్టుకున్న కసి అంతా బయటపడింది. రాత్రి పదింటికి కొట్టులోంచి మిక్చర్ పొట్లం తెచ్చుకుని సగం తినేశాను. బరువు 71.8 దాకా దిగింది, మళ్లీ 73.4. అంత ఎక్కడానికి నాలుగు రోజులు చాలాయి. దిగినదాంట్లోనూ ఎక్కినదాంట్లోనూ నీళ్ల వాటా పెద్దదని ఇప్పుడు తెలుస్తోంది. తిండి తగ్గినప్పుడు ఒంట్లో నిలవ ఉండే పిండిపదార్థం ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉండే నీళ్లు కూడా పోతాయి. అన్నం తినగానే రెండూ తిరిగొస్తాయి.

ఫిబ్రవరి 13

కొట్టు మూశాక పద్దు పుస్తకం తీసి 1,200 ఎక్కడినుంచి వచ్చిందో వెతికాను.

అమ్మాయి ఒక సూత్రం పంపింది, కదలకుండా ఉన్నా ఒళ్లు రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చు చేస్తుందో లెక్కేసేది. 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రమట, ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే. ఆడవాళ్లకి ఇలా: కిలోల్లో బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసుని 5తో గుణించి తీసేయాలి. ఇంకో 161 తీసేయాలి. మగవాళ్లకైతే చివర 161 తీసే బదులు 5 కలపాలి.

నాకు: 740, 962 కలిపితే 1,702. అందులోంచి 265, తరవాత 161 తీస్తే 1,276. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం ఇంత ఖర్చు చేస్తాయి. దీన్ని మన పనిని బట్టి పెంచాలి. పూర్తిగా కూర్చునేవాళ్లకి 1.2తో, కాస్త కదిలేవాళ్లకి 1.375తో, బాగా తిరిగేవాళ్లకి 1.55తో గుణిస్తారు. నేను కూర్చునేదే ఎక్కువైనా ఇంటిపని, కొట్టు సర్దడం, మెట్లు ఉన్నాయి. 1.375 వేసుకుంటే 1,755. ఇంత తింటే నా బరువు ఉన్నచోటే ఉంటుంది.

ఇక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు. వారానికి కిలో తగ్గాలంటే రోజుకు 1,100 కోత పడాలి. 1,755లోంచి 1,100 తీస్తే 655. మనిషి బతికే తిండి కాదది. అందుకే యాప్ 655 చూపించకుండా 1,200 దగ్గర ఆగింది. ఆడవాళ్లు డాక్టరు పర్యవేక్షణ లేకుండా దిగకూడని అడుగు 1,200, మగవాళ్లకి 1,500. అంటే అది నా కోసం కట్టిన లెక్కే కాదు. నేను నొక్కిన కోరిక అడ్డదిడ్డంగా ఉంటే, అది తన అడుగు గీత చూపించి ఊరుకుంది. నేను ఆ గీతనే లక్ష్యం అనుకుని మూడు వారాలు దాని మీద నడిచాను. పడుకున్నప్పుడు ఖర్చయ్యే 1,276 కన్నా తక్కువ తిని బియ్యం బస్తాలు ఎత్తబోయాను.

ఎంతమంది ఆడవాళ్లు ఇదే 1,200 పట్టుకుని, నిలవలేక, తమలోనే లోపం ఉందనుకుంటున్నారో అని రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఫిబ్రవరి 15

కొట్టులో ఎవరితో ఈ మాట కదిపినా ఒకటే అంటారు, నలభై దాటితే ఒంట్లో తిండి కరిగే వేగం తగ్గిపోతుంది, గాలి పీల్చినా లావవుతామని. నేనూ అదే నమ్మాను. అమ్మాయి వేరే సంగతి చెప్పింది. 2021లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషులు, వారం పసికందు నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా, రోజుకు ఎంత ఖర్చు చేస్తారో కొలిచారు. ఒంటి పరిమాణాన్నీ, కండనీ లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 దాకా ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంటుంది. అరవై దాటాక ఏడాదికి 0.7 శాతం చొప్పున మెల్లగా దిగుతుంది.

మరి నాకు పాతికేళ్లప్పటికీ ఇప్పటికీ తేడా ఎక్కడుంది? అప్పుడు మేము అద్దె ఇంట్లో ఉండేవాళ్లం, బావి నుంచి నీళ్లు తోడేదాన్ని, రుబ్బురోలు తిప్పేదాన్ని. ఇప్పుడు మోటారు, గ్రైండరు, గల్లా ముందు కుర్చీ. కదలిక తగ్గింది, కండ తగ్గింది, నిద్ర కూడా ముట్లు ఆగిన దగ్గర్నుంచి ముక్కలుముక్కలే. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గాక కొవ్వు తొడల దగ్గర కాకుండా పొట్ట మీద చేరుతుంది, అందుకే పాత జాకెట్లు భుజాల దగ్గర సరిపోయినా కింద పట్టవు. వయసు మీద తోసేసి కూర్చోవడం కన్నా ఇవన్నీ విడివిడిగా చూడటం నాకు ధైర్యం ఇచ్చింది. వీటిలో కొన్నైనా నా చేతిలో ఉన్నవే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలు కూడా చూశాను. కూర్చుని పనిచేసే ఆడవాళ్లకి రోజుకు 1,660 అని ఉంది. అయితే అది 55 కిలోల బరువున్న, నలభై లోపు వయసామె లెక్క. దాన్ని కూడా నాకు నేరుగా అంటించుకోలేను.

ఫిబ్రవరి 16

కొత్త ఏర్పాటు. రెండు వారాలు ఏమీ తగ్గించను. మామూలుగా తింటాను, తిన్న ప్రతిదీ తూచి రాస్తాను. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు బరువు చూస్తాను. ఏడు రోజుల సగటునే లెక్కలోకి తీసుకుంటాను.

ఊరందరికీ తూచే కాటా ఉంది కానీ అది ఐదేసి గ్రాముల చొప్పున చూపిస్తుంది. వంటింటికి ఒక గ్రాము దాకా చూపే చిన్న కాటా కొన్నాను.

పద్ధతి ఇలా కుదిరింది. అన్నం వండాక తూస్తే కుదరదు, నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. బియ్యాన్నే తూస్తాను, 100 గ్రాములకు సుమారు 350. కూర అయితే వేసే ప్రతి సరుకూ తూచి క్యాలరీలు కలుపుతాను, వండాక మొత్తం గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేస్తాను, నా పళ్లెంలోకి వచ్చిన వాటా ఎంతో అప్పుడు తెలుస్తుంది. ప్రతిసారీ ఖాళీ గిన్నె తూచనక్కర్లేకుండా, పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలకి పేరు చెక్కి ఉంటుంది చూడండి, దాని పక్కనే మార్కర్‌తో బరువు రాసేశాను. పప్పు గిన్నె 412, కూర గిన్నె 655.

వేపుళ్లకి మూకుడుని నూనెతో సహా ముందూ తరవాతా తూస్తాను. ఇవాళ దొండకాయ వేపుడుకి 35 గ్రాములు తగ్గింది. ముగ్గురికి పంచితే నా వంతు పన్నెండు గ్రాములు, నూనె ఒక్కదానికే నూరుకి పైన.

మొదటిరోజే తెలిసిన సంగతి: రెండు పూటలా కలిపి 230 గ్రాముల బియ్యం తింటున్నాను. అన్నం ఒక్కటే 800 దాటింది.

మార్చి 2

రెండు వారాలూ అయ్యాయి. మొదటి వారం సగటు 73.6, రెండో వారం సగటు 73.6. బరువు కదల్లేదు. రాసిన క్యాలరీల సగటు మాత్రం 1,475.

ఇక్కడ ఏదో తప్పింది. సూత్రం 1,755 అంటోంది, పుస్తకం 1,475 అంటోంది. 280 తేడా. పద్దులు చూసేదాన్ని, ఇంత తేడాతో పుస్తకం మూయలేను. నా ఒళ్లే అందరికన్నా తక్కువ ఖర్చు చేస్తుందేమో అన్న దిగులు ఒక పూట పట్టుకుంది.

రాత్రి కొట్టు పద్దుల్లో 'ఇంటి ఖాతా' తీశాను. కొట్టు నుంచి మా ఇంటికి వాడుకునే సరుకంతా అందులో రాస్తాం. జనవరిలో సంక్రాంతి వంటలున్నాయి కాబట్టి వదిలేసి, డిసెంబరు పేజీ చూశాను. నూనె పాకెట్లు 3. లీటరు పాకెట్ మీద 910 గ్రాములని రాసి ఉంటుంది. మూడు పాకెట్లంటే 2,730 గ్రాములు. ముగ్గురం, సుమారు ముప్ఫై రోజులు. తలకు రోజుకు 30 గ్రాములు. గ్రాము నూనెకి 9 క్యాలరీలు, అంటే 270. నేను రాసుకున్నది రోజుకు రెండు చెంచాలు, 90. వేపుడు చేసిన రోజే మూకుడు తూచాను. తక్కిన రోజుల్లో పోపు నూనె, అట్టు చుట్టూ వేసే నూనె అంచనాగా వేసి ఊరుకున్నాను.

అదే పేజీలో పంచదార 3 కిలోలు. తలకు రోజుకు 33 గ్రాములు, 130 క్యాలరీలు. నేను రాసింది 80. కొట్టులోకి ఇంటినుంచి తెప్పించుకునే మూడో టీ పుస్తకంలో లేదు.

ఇంకోటి మిక్చర్. నేను తింటున్నానని కూడా తెలియకుండా తింటాను. పొట్లాలు కట్టేటప్పుడు కాటా మీద ఎక్కువైన పిడికెడు నోట్లోకి పోతుంది. ఇవాళ ఆ పిడికిలిని నోటికి బదులు కాటా మీదే వేశాను: 15 గ్రాములు. పాకెట్ వెనక చూస్తే వంద గ్రాములకు 500 పైన ఉంది. అంటే ఒక్క పిడికెడు 75.

180, 50, 75. మొత్తం 305. 1,475కి కలిపితే 1,780.

సూత్రం 1,755 దగ్గర, ఇంటి ఖాతా 1,780 దగ్గర. ఒంట్లో లోపం లేదు, పుస్తకంలో రాయనివి ఉన్నాయి. అది తేలాక నిజంగా గుండె తేలికపడింది.

మార్చి 3

లక్ష్యం పెట్టుకున్నాను: 1,450.

రోజుకు 330 కోత. వారానికి 2,310. 7,700తో భాగిస్తే 300 గ్రాములు. అర కిలో చొప్పున తగ్గాలంటే 550 తగ్గించి 1,230కి దిగాలి, అది మళ్లీ పడుకున్నప్పటి ఖర్చు కన్నా తక్కువ. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "వారానికి 300 గ్రాములు చాలు. మాంసకృత్తులు మాత్రం తగ్గనివ్వకండి" అన్నారు. మన దేశపు సిఫారసు కిలో బరువుకి 0.83 గ్రాములు. వయసు పైబడేవాళ్లకి 1 నుంచి 1.2 దాకా మంచిదంటారు. నా లావుకి కాకుండా ఉండాల్సిన బరువుకి లెక్కేసుకుని రోజుకు 60 గ్రాములు పెట్టుకున్నాను.

అంకె ఎంతో తెలిసింది కాబట్టి దాన్ని పళ్లెంలోకి దించాలి. ఇవాళ్టిది రాస్తున్నాను. పొద్దున రెండు గుడ్లు, 40 గ్రాముల చోడిపిండితో, అదే రాగిపిండితో, అట్టు, చెంచా నూనె: 325. మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యపు అన్నం 210, 35 గ్రాముల కందిపప్పుతో పాలకూర పప్పు 120, పెద్ద గిన్నెడు ఆనపకాయ కూర నూనెతో కలిపి 120, పెరుగు 90. సాయంత్రం ఉడికించిన సెనగలు, ఒక జామకాయ, 120. రాత్రి చోడి రొట్టె, చేప ముక్కల పులుసు, 315. రోజు మొత్తంలో చిన్న చెంచా పంచదారతో రెండు టీలు, 150. కూడితే 1,450. చేప లేని రోజు మీల్ మేకర్ 30 గ్రాములు నానబెట్టి వండుతాను, దాంట్లోనే 15 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొట్టులో ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను కానీ ఇంటికి తెచ్చింది ఇప్పుడే.

నూనె ఇక పాకెట్ నుంచి నేరుగా బాణలిలో పొయ్యను. సోమవారం పొద్దున 420 గ్రాములు ఒక సీసాలో పోసి పెడతాను. ముగ్గురికి వారానికి అది. ఆదివారానికి మిగలాలి.

మార్చి 20

ఒడిశాలో ఈ రోజు పఖాళ దినం. పొరుగింటి మావుసి (ఒడియాలో పిన్ని) పిలిచింది. అన్నం వండి నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున పెరుగు కలిపి, పైన వేయించిన కరివేపాకు. మన తరవాణి అన్నం లాంటిదే. పఖాళ తింటే బరువు తగ్గుతామని మావుసి గట్టిగా నమ్ముతుంది. నేను కాటా తీసుకెళ్లాను. ఆవిడ ఏమనుకుంటుందోనని మొహమాటపడ్డాను గానీ, ఆవిడే తూచి చూడమంది.

గిన్నెలోది 430 గ్రాములు. వడకట్టి అన్నం తూస్తే 160. అంటే పెరుగుతో కలిపి 240 క్యాలరీల దాకా, పొట్ట మాత్రం అరకిలో తిన్నట్టు నిండింది. అన్నం క్యాలరీలు ఎక్కడికీ పోలేదు, నీళ్ల వల్ల తక్కువ అన్నంతో తృప్తి కలిగింది. పక్కన వేయించిన చేపలు, బడి చూరా (నలిపిన వడియాలు), వంకాయ వేపుడు ఉన్నాయి. ఆవనూనెలో వేగిన ఆ మూడూ కలిపి అన్నం కన్నా ఎక్కువయ్యాయి. ఒక చేపముక్క, రెండు చెంచాల బడి చూరా తీసుకున్నాను. రోజు మొత్తం 1,510. వారం సగటులో సర్దుకుంటుంది.

వేసవంతా మధ్యాహ్నాలు ఇదే తినాలనుకుంటున్నాను.

ఏప్రిల్ 2

నాలుగు వారాల సగటులు: 73.0, 72.8, 72.7, 72.1. మొదటి వారంలో పోయిన దాంట్లో నీళ్లే ఎక్కువ ఉంటాయి. మూడో వారం వంద గ్రాములే. ఆ వారం రోజూ పొద్దున కాటా ఎక్కేటప్పుడు టెన్షన్‌గానే ఉండింది, అయినా ఏమీ మార్చలేదు. నాలుగో వారం ఆరువందలు దిగింది.

నిన్న ఉత్కళ దినోత్సవం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడే మా పర్లాకిమిడి ఇటు వచ్చింది, నది దాటితే పాతపట్నం ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. కొట్టులో మిఠాయి పంచారు, ఒక రసగుల్లా తిన్నాను. పాకం పిండేసి తిన్నాను కానీ రాసేటప్పుడు పూర్తిగానే రాశాను.

పొద్దున్నే మహేంద్రతనయ నది వైపు నడక మొదలుపెట్టి పది రోజులైంది, రోజుకు ముప్ఫై ఐదు నిమిషాలు. నడకకి యాప్ చూపించే క్యాలరీలను తిండికి కలపను. 1.375లో ఆ కాస్తా ఉందనే అనుకుంటాను. వారానికి మూడు రోజులు కండకోసం ఇంకో పని చేస్తున్నాను: చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదేసి సార్లు లేవడం, రెండు చేతుల్లో రెండేసి కిలోల పప్పు పాకెట్లు పట్టుకుని పైకెత్తడం. ఫిబ్రవరిలో ఆ వణుకు మోచేతికి మళ్లీ రాకూడదు.

ఏప్రిల్ 29

ఎనిమిది వారాలకి 71.1. నడుము 93.

మే 14

మూడు వారాలు కదలిక లేదు. 71.1, 71.2, 71.1.

వదిన వచ్చింది, ఇంకో ఆవకాయ జాడీతో. "1,450 ఎక్కువే, నీ ఒళ్లు దానికి అలవాటు పడిపోయింది, మళ్లీ 1,200 చెయ్యి. లేకపోతే నాలాగ రాత్రి మానెయ్" అంది. రాత్రి అన్నం మానేసి పదింటికి పాలు, రెండు అరటిపళ్లు, నాలుగు బిస్కెట్లు తింటుంది. అడిగి కలిపాను, 450 దాటింది. ఆవిడకి చూపించాను. కోప్పడలేదు, పుస్తకం తీసుకుని తనే రెండోసారి కూడింది.

అంకె తగ్గించాలని నాకూ అనిపించింది. కానీ ముందు పద్దు చూడాలి. మూడు వారాల పేజీలు తిరగేస్తే రెండు కనపడ్డాయి. ఒకటి ఆవకాయ. ఎర్రటి నూనెతో కలిపిన మొదటి ముద్ద రుచి వదులుకోను, కానీ ఆ నూనెని పుస్తకంలో ఎక్కించనేలేదు. రోజుకు రెండు చెంచాలు, 90. రెండోది మామిడిపండు. ఒక పండు అని రాశాను, అదెంత పండో రాయలేదు. నిన్న ఒకటి తొక్క, టెంక తీసి తూస్తే 260 గ్రాములు, 150 క్యాలరీల పైన. నేను 70 రాస్తున్నాను. రెండూ కలిపి 170. కోతలో సగం అక్కడే పోయింది. ఆవకాయ ఉప్పు వల్ల ఒంట్లో నీళ్లు కూడా నిలిచాయి, మొదటి జాడీ తెరిచిన రెండు రోజులకే 800 గ్రాములు పెరిగి మళ్లీ దిగింది.

1,450 మార్చలేదు. ఆవకాయ ఒక చెంచా, పండు సగం, రెండూ తూచే.

జూన్ 4

70.1. కదిలింది.

జూన్ 15

ఒడిశా వాళ్ల రొజొ పండగ. మావుసి పొడొ పిఠా పంపింది, బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి, అంచులు మాడేదాకా కాల్చి. ఎవరూ చూడకుండా తినాల్సిన వస్తువులా అనిపించలేదు. 80 గ్రాముల ముక్క కోసి, కొబ్బరి ఎక్కువుంది కాబట్టి 230 రాసుకుని, రాత్రి రొట్టె ఒక్కటే మానేసి చేప, కూర తిన్నాను. పిండివంటంటే జనవరిలో ఉన్న భయం ఇప్పుడు లేదు.

జూన్ 23

పదహారు వారాలు. 73.6 నుంచి 69.6. నాలుగు కిలోలు. లెక్క ప్రకారం 4.8 తగ్గాలి. ఆవకాయ వారాలు, మావుసి ఇంటి విందులు పోను నాలుగు నిలిచింది. నడుము 90.5. నిన్న బరంపురం వెళ్లాం. హెచ్‌బీఏ1సీ 5.8. గుమ్మంలోంచి వెనక్కి ఒక అడుగు. డాక్టరమ్మ కాగితం చూసి నా చెయ్యి పట్టుకుని నొక్కారు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

బరువు తగ్గింది కాబట్టి లెక్క మళ్లీ వేశాను. 696, 962 కలిపి, 265, 161 తీస్తే 1,232. 1.375తో 1,694. జనవరి కన్నా రోజుకు 60 తక్కువ. అదే 1,450 తింటే ఇక కోత 250 లోపే, వారానికి రెండువందల పాతిక గ్రాములు. తిండిని ఇంకో అరవై తగ్గించాలా అని రెండు రోజులు ఆలోచించాను. వద్దనుకున్నాను. 1,450 నాకు అలవాటైంది, ఆకలితో నిద్రలేవడం లేదు, కొట్టులో మనుషుల మీద విసుక్కోవడం లేదు. నడక ఇంకో పది నిమిషాలు పెంచుతాను. ఇంకో నాలుగు కిలోలకి నాలుగైదు నెలలు పడితే పడనీ.

ఇవాళ మధ్యాహ్నం ఒకాయన పాతిక కిలోల బియ్యం అడిగారు. కొట్టులో కుర్రాడు లేడు. గిన్నెతో ముంచి నేనే పోశాను, కాటా మీద 25.000 వచ్చేదాకా. ఒక్క గింజ కింద పడలేదు.

వదిన ఫోన్ చేసింది. తన ఎత్తు, బరువు, వయసు చెప్పి రాసుకోమంది. 58 ఏళ్లు, 151 సెంటీమీటర్లు, 68 కిలోలు. సుగర్‌కి మాత్రలు వాడుతుంది కాబట్టి ముందు తన డాక్టరుతో మాట్లాడమన్నాను. తరవాత రెండు వారాలు ఏమీ తగ్గించకుండా, అరటిపళ్లతో సహా అన్నీ తూచి రాయమన్నాను. చిన్న కాటా ఒకటి గుణుపురం రైల్లో వెళ్లేవాళ్లతో పంపిస్తున్నాను.